భగత్ సింగ్ థిండ్

ఈ వ్యాసం అమెరికాలో స్థిరపడిన సిక్కు రచయిత గురించి. 1931లో లాహోరులో ఉరితీయబడిన విప్లవవీరుని కొరకు భగత్ సింగ్ వ్యాసం చూడండి.

భగత్ సింగ్ థిండ్ (1892 అక్టోబరు 3 - 1967 సెప్టెంబరు 15) పంజాబులో జన్మించి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో స్థిరపడిన సిక్కు రచయిత, ఆధ్యాత్మిక ఉపన్యాసకుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. తలపాగాతోనే ఆ సైన్యంలో సేవచేసిన తొలి సిక్కుగా ప్రసిద్ధి పొందాడు. అమెరికా పౌరసత్వాన్ని మూడుసార్లు పొంది, రెండుసార్లు కోల్పోయిన వ్యక్తి ఈయన. 1918లో లభించిన పౌరసత్వం నాలుగు రోజులలో రద్దయింది. 1920లో లభించినది ప్రభుత్వం చేసిన అప్పీలు మూలంగా 1923లో సుప్రీం కోర్టు తీర్పుతో చేజారింది. 1936లో పొందినది మాత్రం జీవితాంతం నిలిచింది. 1918 నుండి 1936 వరకు పదిహేడేళ్లకు పైగా ఈయన చదువు, నడవడి, సైనిక సేవ ఏవీ మారలేదు. మారినది చట్టమూ, చట్టంలోని ఒక మాటకు న్యాయస్థానాలు చెప్పిన అర్థమూ మాత్రమే.

బాల్యం, విద్యాభ్యాసం

థిండ్ 1892 అక్టోబరు 3న అమృత్‌సర్ జిల్లాలోని తారాగఢ్ గ్రామంలో ఒక సిక్కు కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు బూటా సింగ్. అమృత్‌సర్‌లోని ఖాల్సా కళాశాలలో విద్యాభ్యాసం చేశాడు. విద్యార్థి దశలోనే ఎమర్సన్, విట్మన్, థోరో మొదలైన అమెరికన్ రచయితల గ్రంథాలు చదివి ప్రభావితుడయ్యాడు. అమెరికా వెళ్లి ఉన్నత విద్య అభ్యసించాలనే కోరిక ఆ పఠనం వల్లనే కలిగింది.

అమెరికా ప్రయాణం

పంజాబు నుండి ఫిలిప్పీన్స్ లోని మనీలా నగరానికి వెళ్లి, కొంతకాలం తర్వాత అక్కడినుండి ఓడలో బయలుదేరి 1913 జులై 4న వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ రేవులో దిగాడు. ఆ తేదీ అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం కావడం విశేషం.

ఆ రోజులలో అమెరికా పశ్చిమ తీరంలో పంజాబీలు ఎక్కువగా కలప మిల్లులలో, రైలు మార్గాల నిర్మాణంలో, కాలిఫోర్నియా పొలాలలో కూలిపనులు చేసేవారు. థిండ్ కూడా వేసవి నెలలలో ఆరెగాన్ రాష్ట్రంలోని కలప మిల్లులలో పనిచేసి, ఆ సంపాదనతో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు.

గదర్ ఉద్యమంతో సంబంధం

థిండ్ అమెరికా చేరిన 1913వ సంవత్సరంలోనే, భారతదేశాన్ని బ్రిటిష్ పాలన నుండి విముక్తం చేసే లక్ష్యంతో పశ్చిమ తీరంలోని భారతీయులు గదర్ పార్టీని స్థాపించారు. సోహన్ సింగ్ భక్నా, లాలా హరదయాళ్ దాని ముఖ్య నాయకులు. తెలుగువారిలో దర్శి చెంచయ్య ఈ ఉద్యమంలో పాల్గొన్నాడు. ఆయన ఆత్మకథ 'నేనూ నాదేశం' తెలుగు పాఠకులకు సుపరిచితం.

ఆరెగాన్ మిల్లులలోని పంజాబీ కార్మికులు గదర్ పార్టీకి వెన్నెముక వంటివారు. వారి మధ్య పనిచేసిన థిండ్‌కు ఆ పార్టీ నాయకులతో పరిచయం ఉండేది. భారతదేశానికి స్వపరిపాలన కావాలని ఈయన బహిరంగంగానే కోరేవాడు. తర్వాత పౌరసత్వ దరఖాస్తు విచారణలో ఈ పరిచయాలనే ప్రభుత్వాధికారులు ఈయనకు వ్యతిరేకంగా ముందుకు తెచ్చారు.

సైన్యంలో

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించింది. థిండ్ 1918 జులై 22న అమెరికా సైన్యంలో చేరి, వాషింగ్టన్ రాష్ట్రంలోని క్యాంప్ లూయిస్ సైనిక శిబిరంలో శిక్షణ పొందాడు. మతాచారం ప్రకారం తలపాగా ధరించడానికి సైన్యం అనుమతించింది. 1918 నవంబరు 8న తాత్కాలిక సార్జెంటుగా నియమితుడయ్యాడు. మూడు రోజులకే, నవంబరు 11న, యుద్ధం ముగిసింది. డిసెంబరు 16న సైన్యం ఈయనను గౌరవప్రదంగా విడుదల చేసింది. విడుదల పత్రంలో ఈయన నడవడి అత్యుత్తమమైనదని నమోదయింది.

ఆనాటి పౌరసత్వ చట్టం

థిండ్ ఎదుర్కొన్న చిక్కును గ్రహించడానికి ఆనాటి చట్టాన్ని గురించి కొంత తెలుసుకోవాలి. విదేశీయులకు పౌరసత్వం ఇచ్చే విషయమై అమెరికా కాంగ్రెసు 1790లో చేసిన తొలి చట్టం, బానిసలు కాని శ్వేతజాతీయులకు మాత్రమే ఆ అర్హత కల్పించింది. అంతర్యుద్ధానంతరం 1870లో ఆఫ్రికాలో జన్మించినవారికి, ఆఫ్రికన్ సంతతివారికి కూడా ఆ అర్హత విస్తరించింది. ఈ రెండు వర్గాలలోనూ చేరని ఆసియావాసుల పరిస్థితి ఏమిటో చట్టం విడమరచి చెప్పలేదు. శ్వేతజాతీయుడు అనే మాటకు నిర్వచనం కూడా ఇవ్వలేదు.

అందువలన ఎవరు శ్వేతజాతీయులో ఒక్కొక్క దరఖాస్తులో న్యాయమూర్తులే తేల్చవలసి వచ్చేది. సిరియన్లు, ఆర్మేనియన్లు, జపనీయులు, భారతీయులు వేర్వేరు కోర్టులలో వేర్వేరు ఫలితాలు పొందారు. భారతీయులకు సంబంధించి 1910లో న్యూయార్కులో భికాజీ బల్సారా అనే పార్సీ పౌరసత్వాన్ని అప్పీళ్ల కోర్టు సమర్థించింది. 1913లో వాషింగ్టన్ రాష్ట్రంలో అక్షయ్ కుమార్ మజుందార్‌కు, 1914లో లాస్ ఏంజెల్స్ లో సఖారాం గణేశ్ పండిట్‌కు పౌరసత్వం లభించింది. భారతీయులు మానవశాస్త్రం ప్రకారం కాకేసియన్ జాతికి చెందినవారు, కాకేసియన్లంటే శ్వేతజాతీయులే అన్నది ఆ తీర్పులలో ప్రధానమైన తర్కం. ఈ పూర్వోదాహరణలను చూస్తే థిండ్ ఆశ నిరాధారమైనది కాదు.

అయితే 1917 ఫిబ్రవరి 5న కాంగ్రెసు చేసిన వలసల చట్టం భారతదేశంతో సహా ఆసియాలోని అధిక భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించి, అక్కడివారి ప్రవేశాన్ని ఆపివేసింది. అప్పటికే చట్టబద్ధంగా ప్రవేశించి స్థిరపడినవారి మాట ఏమిటన్న ప్రశ్న దీనితో తలెత్తింది.

నాలుగు రోజుల పౌరసత్వం

1918 మే 9న చేసిన చట్టం సైన్యంలో పనిచేస్తున్న విదేశీయులు పౌరసత్వం పొందే విధానాన్ని సులభతరం చేసింది. క్యాంప్ లూయిస్ లో ఉన్న థిండ్ దరఖాస్తు చేసుకోగా, 1918 డిసెంబరు 9న పౌరసత్వ పత్రం లభించింది. సైనిక దుస్తులలోనే ఈయన దానిని అందుకున్నాడు. కానీ పౌరసత్వ వ్యవహారాలు చూసే ప్రభుత్వ బ్యూరో దీనిని అంగీకరించలేదు. థిండ్ శ్వేతజాతీయుడు కాడన్న కారణంతో డిసెంబరు 13న ఆ పత్రం రద్దయింది. అప్పటికి ఈయన ఇంకా సైన్యంలోనే ఉన్నాడు. విడుదలకు మరి మూడు రోజుల వ్యవధి ఉంది.

ఆరెగాన్‌లో రెండవ దరఖాస్తు

సైన్యం నుండి వచ్చిన తర్వాత థిండ్ 1919 మే 6న పొరుగు రాష్ట్రమైన ఆరెగాన్‌లో మళ్లీ దరఖాస్తు చేశాడు. మొదటిసారి అభ్యంతరం చెప్పిన బ్యూరో ఇక్కడ కూడా గట్టిగా వ్యతిరేకించింది. జాతి విషయమై అభ్యంతరంతో పాటు గదర్ నాయకులతో పరిచయాలను కూడా పరీక్షాధికారి ప్రస్తావించాడు. బ్రిటన్ యుద్ధంలో అమెరికాకు మిత్రదేశం. బ్రిటన్‌కు వ్యతిరేకంగా కుట్ర పన్నారన్న ఆరోపణపై గదర్ నాయకులకు 1918లో శాన్ ఫ్రాన్సిస్కోలో శిక్షలు పడి ఉన్నాయి. అందుచేత ఈ ఆరోపణ చిన్నదేమీ కాదు.

జిల్లా కోర్టు న్యాయమూర్తి ఛార్లెస్ వుల్వర్టన్ ఈ విషయాలన్నీ విచారించాడు. భారతదేశ స్వపరిపాలనను కోరడం వేరు, అమెరికా చట్టాలను ఉల్లంఘించడం వేరు అని భావించాడు. థిండ్ సైనిక సేవను, నడవడిని లెక్కలోకి తీసుకొని, పూర్వపు తీర్పులను అనుసరించి, 1920 నవంబరు 18న పౌరసత్వం మంజూరు చేశాడు. దరఖాస్తు చేసిన నాటి నుండి ఈ నిర్ణయానికి ఏడాదిన్నర పట్టింది.

అప్పీలు, నిరీక్షణ

ఈ పౌరసత్వ పత్రాన్ని రద్దు చేయాలని ప్రభుత్వం దావా వేసింది. జిల్లా కోర్టు దానిని కొట్టివేయగా ప్రభుత్వం పైకోర్టుకు అప్పీలు చేసింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తానుగా తీర్పు చెప్పక, రెండు ప్రశ్నలను సుప్రీం కోర్టుకు నివేదించి సలహా కోరింది. అమృత్‌సర్‌లో జన్మించిన, పూర్తి భారతీయ రక్తం గల ఉన్నత కులపు హిందువు చట్టప్రకారం శ్వేతజాతీయుడవుతాడా అన్నది మొదటి ప్రశ్న. 1917 వలసల చట్టం, అంతకు ముందే న్యాయబద్ధంగా దేశంలో ప్రవేశించిన భారతీయులకు కూడా పౌరసత్వాన్ని నిరోధిస్తుందా అన్నది రెండవ ప్రశ్న. థిండ్ సిక్కు అయినప్పటికీ హిందువుగా పేర్కొనడానికి కారణం, ఆనాటి అమెరికాలో భారతీయులందరినీ మతంతో నిమిత్తం లేకుండా ఆ పేరుతోనే పిలవడం.

1920 నవంబరు నుండి 1923 ఫిబ్రవరి వరకు రెండు సంవత్సరాల మూడు నెలలు థిండ్ పౌరసత్వం త్రిశంకు స్వర్గంలో ఉన్నది. చేతిలో పత్రం ఉన్నది, కానీ దాని చెల్లుబాటు మరొకరి నిర్ణయంపై ఆధారపడి ఉన్నది. ఈ నిరీక్షణ థిండ్ ఒక్కనిదే కాదు. అప్పటికే పౌరసత్వం పొంది, భూములు కొని, వ్యాపారాలు పెట్టుకున్న భారతీయుల భవితవ్యం కూడా ఇదే వ్యాజ్యంపై ఆధారపడి ఉండినది.

ఈ లోపుగా మరొక వ్యాజ్యంలో సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది. హవాయి నివాసి, జపాన్ దేశీయుడు అయిన తకావో ఒజావా 1914లో పౌరసత్వానికి దరఖాస్తు చేసి, తిరస్కృతుడై, పైకోర్టులకు వెళ్లాడు. ఎనిమిదేళ్ల తర్వాత 1922 నవంబరు 13న సుప్రీం కోర్టు ఆయన అప్పీలును తోసిపుచ్చింది. శ్వేతజాతీయుడంటే కాకేసియన్ జాతివాడని, జపనీయులు ఆ జాతికి చెందరని ఆ తీర్పు సారాంశం. ఒజావాకు ప్రతికూలమైన ఈ తీర్పు థిండ్‌కు అనుకూలించవలసినదే. ఎందుకంటే ఉత్తర భారతీయులను కాకేసియన్లుగా వర్గీకరించిన మానవశాస్త్ర గ్రంథాలు అప్పటికి చాలా ఉన్నాయి.

సుప్రీం కోర్టులో వాదనలు

1923 జనవరి 11, 12 తేదీలలో వాదనలు జరిగాయి. థిండ్ తరఫు న్యాయవాదులలో పైన పేర్కొన్న సఖారాం గణేశ్ పండిట్ ఒకడు. పంజాబు ప్రజలు ఆర్య సంతతివారని, వారి భాష యూరోపియన్ భాషలతో ఒకే కుదురుకు చెందినదని, కనుక వారు కాకేసియన్లేనని ఈ పక్షం వాదించింది.

ఈ వాదనలో తర్వాతి కాలపు పరిశీలకులు తీవ్రంగా విమర్శించిన అంశం ఒకటి ఉంది. భారతదేశంలో ఉన్నత కులాలవారు నిమ్న కులాలవారితో వివాహ సంబంధాలు కలుపుకోరని, అందువలన వారి రక్తం కలుషితం కాలేదని న్యాయవాదులు చెప్పారు. జాతి ఆధారంగా పౌరసత్వం నిర్ణయించడం అన్యాయమని వాదించలేదు. ఆ కంచెకు లోపలివైపున థిండ్‌కు చోటున్నదని మాత్రమే వాదించారు. అమెరికా వర్ణవివక్షను ఎదుర్కోవడానికి భారతదేశపు కులవివక్షను ఆసరా చేసుకొన్న ఈ వాదన చివరకు ఫలించలేదు కూడా.

తీర్పు

1923 ఫిబ్రవరి 19న న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా థిండ్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చారు. తీర్పు వ్రాసిన జార్జ్ సదర్లాండ్, మూడు నెలల క్రితం ఒజావా తీర్పు వ్రాసిన న్యాయమూర్తే. ఆయన స్వయంగా ఇంగ్లండులో పుట్టి బాల్యంలో అమెరికాకు వచ్చినవాడు.

కాకేసియన్ అనే పదం శాస్త్రవేత్తల మధ్యనే వివాదాస్పదమైనదని, దానిని సామాన్యులు వాడుకలో అర్థం చేసుకునే తీరులోనే తీసుకోవాలని తీర్పు పేర్కొన్నది. ఆర్య అనే మాట భాషలకు సంబంధించినదే గాని శరీర లక్షణాలకు సంబంధించినది కాదని, ఒకే మూలం నుండి వచ్చిన భాషలు మాట్లాడేవారంతా ఒకే జాతివారని చెప్పలేమని వివరించింది. చట్టం చేసినవారు శ్వేతజాతీయుడు అనే మాటను జనసామాన్యపు భాషలోనే వాడారని, సామాన్యుని దృష్టిలో భారతీయుడు ఆ మాటకు లోబడడని నిర్ణయించింది. 1917 చట్టం ద్వారా భారతీయుల ప్రవేశాన్నే నిషేధించిన కాంగ్రెసు, వారికి పౌరసత్వం ఇవ్వాలని భావించి ఉండదని కూడా అన్నది. ఇందులో ఏ జాతి అధికమన్న ప్రసక్తి లేదని, భేదాన్ని మాత్రమే గుర్తిస్తున్నామని చెప్పుకొన్నది. మొదటి ప్రశ్నకు కాదని సమాధానం రావడంతో రెండవ ప్రశ్నకు జవాబు అనవసరమని విడిచిపెట్టింది.

ఒజావా విషయంలో శాస్త్రీయ వర్గీకరణను ఆధారం చేసుకొన్న న్యాయస్థానమే, అదే వర్గీకరణ థిండ్‌కు అనుకూలించినప్పుడు దానిని పక్కన పెట్టింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ రెండు తీర్పులను జంటగా చదవడానికి కారణం ఇదే. థిండ్ సైనిక సేవ ఈ నిర్ణయంలో ఏ పాత్రా వహించలేదు.

తీర్పు పరిణామాలు

ఈ తీర్పు ఆధారంగా ప్రభుత్వం 1906 పౌరసత్వ చట్టంలోని 15వ సెక్షను క్రింద ఇతర భారతీయులపై దావాలు వేసింది. 1923 తర్వాతి కొద్ది సంవత్సరాలలో యాభై మందికి పైగా భారతీయులు పౌరసత్వం కోల్పోయారు. పౌరసత్వానికి అనర్హులైన విదేశీయులు వ్యవసాయ భూమి కొనరాదన్న కాలిఫోర్నియా చట్టం పంజాబీ రైతులకు కూడా వర్తించింది. అనేకులు తెలిసిన అమెరికన్ల పేర భూములు పెట్టి సాగుచేయవలసి వచ్చింది.

శాన్ ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకుంటున్న వైష్ణో దాస్ బగాయ్ ఉదంతం అత్యంత విషాదకరమైనది. 1915లో భార్య కలా బగాయ్‌తో, పిల్లలతో అమెరికా వచ్చిన ఆయన 1921లో పౌరసత్వం పొందాడు. తీర్పు తర్వాత అది రద్దయింది. ఆస్తి పోయింది. భారతదేశం వెళ్లి రావడానికి అమెరికా పాస్‌పోర్టు నిరాకరించబడింది. బ్రిటిష్ పాలనను వద్దనుకొని వచ్చిన ఆయనకు బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోవడం ఇష్టం లేకపోయింది. 1928లో తన బాధను లేఖలో వ్రాసి ఆత్మహత్య చేసుకున్నాడు. 1946 తర్వాత కలా బగాయ్ అమెరికా పౌరురాలయింది.

సఖారాం గణేశ్ పండిట్‌పై కూడా దావా పడింది. 1914లోనే అప్పీలు చేసే అవకాశం ఉండీ ప్రభుత్వం చేయలేదని, దానిని నమ్ముకొని తాను వృత్తిని, కుటుంబాన్ని, ఆస్తిని ఏర్పరచుకున్నానని ఆయన వాదించాడు. 1926లో తొమ్మిదవ సర్క్యూట్ కోర్టు ఈ వాదనను అంగీకరించింది. 1927లో సుప్రీం కోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. దానితో మిగిలిన దావాలు చాలావరకు ఆగిపోయాయి. థిండ్ విషయంలో ప్రభుత్వం మొదటినుండి వెంటనే సవాలు చేస్తూ వచ్చినందున ఈ తర్కం ఈయనకు ఉపకరించలేదు.

మూడవసారి పౌరసత్వం

తీర్పు తర్వాత కూడా థిండ్ అమెరికాను వదలి వెళ్లలేదు. ఆయా నగరాలలో ఉపన్యాసాలు ఇస్తూ అక్కడనే జీవించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి పౌరసత్వం దక్కని ఆసియావాసులు మరికొందరు ఉన్నారు. 1918 చట్టం జపనీయ సైనికులకు వర్తించదని 1925లో టొయోటా వ్యాజ్యంలో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. కనుక న్యాయస్థానాల ద్వారా మార్గం మూసుకుపోయింది. చట్టాన్ని మార్చడమొక్కటే మిగిలింది. జపాన్‌లో జన్మించి అమెరికా సైన్యంలో పనిచేసిన టోకుటారో స్లోకమ్ మొదలైన మాజీ సైనికులు ఇందుకై కృషిచేశారు. 1935 జూన్ 24న అమలులోకి వచ్చిన నై-లీ చట్టం, ఆ యుద్ధంలో సేవచేసిన ఆసియా దేశీయులకు జాతితో నిమిత్తం లేకుండా పౌరసత్వార్హత కల్పించింది.

ఈ చట్టం క్రింద థిండ్ 1936లో న్యూయార్కు రాష్ట్రంలో మళ్లీ దరఖాస్తు చేసి పౌరసత్వం పొందాడు. ఈసారి ఎవరూ దానిని రద్దు చేయలేదు.

ఉపన్యాసాలు, రచనలు

థిండ్ తన ఉపన్యాసాలలో సిక్కు మత బోధనలతో పాటు వేదాలను, గురు నానక్, కబీరుల వాణిని, క్రైస్తవ గ్రంథాలను, తాను యౌవనంలో చదివిన ఎమర్సన్, విట్మన్, థోరోలను ఉదహరించేవాడు. శ్రోతలలో అధికులు అమెరికన్లే. 'రేడియంట్ రోడ్ టు రియాలిటీ', 'సైన్స్ ఆఫ్ యూనియన్ విత్ గాడ్', 'హౌస్ ఆఫ్ హ్యాపీనెస్' ఈయన గ్రంథాలలో కొన్ని.

1940లో వివియన్ డేవిస్‌ను వివాహం చేసుకున్నాడు. వారికి ఇద్దరు సంతానం. థిండ్ 1967 సెప్టెంబరు 15న మరణించాడు.

చట్టంలో తర్వాతి మార్పులు

1935 చట్టం మాజీ సైనికులకే పరిమితం. ఇతర భారతీయుల నిరీక్షణ మరి పదకొండేళ్లు సాగింది. 1946 జులై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు, ఫిలిప్పీన్స్ దేశీయులకు పౌరసత్వార్హత ఇచ్చింది. భారతదేశం నుండి ఏటా 100 మంది వలస వచ్చేందుకు అనుమతించింది. అమృత్‌సర్ జిల్లాలోనే జన్మించి బర్కిలీలోనే చదివిన దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరసత్వం పొంది, 1956లో అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. ఆ సభకు ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. 1952 చట్టం పౌరసత్వానికి జాతి నిబంధనను పూర్తిగా తొలగించింది. 1965 చట్టం దేశాలవారీ పాత కోటాలను రద్దుచేసింది. తెలుగువారు పెద్దసంఖ్యలో అమెరికా వెళ్లి స్థిరపడడం ఈ చివరి చట్టం తర్వాతనే సాధ్యమైంది.

1920వ దశకపు తొలి సంవత్సరాలలో అమెరికా చేరి అక్కడనే పరిశోధనలు చేసిన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు కూడా తన అమెరికా జీవితంలో అధిక భాగం 1923 తీర్పు అమలులో ఉన్న కాలంలోనే గడిపాడు. 1946 చట్టం వచ్చిన రెండేళ్లకు, 1948లో, ఆయన మరణించాడు.

1952 తర్వాత పౌరసత్వ నిర్ణయాలలో థిండ్ తీర్పుకు ప్రాధాన్యం లేకుండా పోయింది. చట్టంలో నిర్వచించని ఒక మాటకు న్యాయస్థానాలు ఇచ్చే అర్థం ప్రజల జీవితాలను ఎంతగా మార్చగలదో తెలిపే ఉదాహరణగా మాత్రం అది న్యాయశాస్త్ర, చరిత్ర పాఠ్యాంశాలలో నిలిచి ఉంది.